‘ఏం కాదమ్మా’ అన్న మనిషి

అబ్బులు గేటు దగ్గర సైకిలు దిగడం చూడగానే సాలమోను చేతిలోని హోసు పైపు వదిలేసి షెడ్డు వెనక్కి వెళ్లిపోయాడు. ఫైర్ స్టేషన్లో పొద్దున్నపూట హోసులు కడిగి ఎండలో పరిచే పని జరుగుతోంది. సగం చుట్టిన పైపు నేలమీద అలాగే పడి ఉంది.

ఫైరింజను డ్రైవరు వీర్రాజు చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వెళ్లాడు.

"ఎవరు కావాలండీ?"

"సాలమోను గారండి. ఆవేళ మా ఇంటిదాన్ని ఎత్తుకొచ్చిన బాబు. ఒక్క మాట మాటాడి ఎల్లిపోతానండి."

"లేరండీ. లీవు పెట్టేరు."

"పోయిన వారం కూడా లీవన్నారు కదండి."

"ఆయ్. పొడిగించేరండి."

అబ్బులు కాసేపు అక్కడే నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీసే పని. ఛాతీ మీద, మోకాళ్ల లోపల చెట్టు రాసుకుని గట్టిపడిన నల్లటి మచ్చలున్నాయి. మెడలోని తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎదురుగా ఉన్న ఎర్ర బండిని కిందినుంచి పైదాకా చూసి, సైకిలెక్కాడు.

షెడ్డు వెనక సాలమోను గోడకి ఆనుకుని ఉన్నాడు. గుండె గబగబా కొట్టుకుంటోంది. అరచేతులు తిమ్మిరెక్కాయి. దగ్గొస్తోంది. దగ్గితే వినబడుతుందని నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"వెళ్లిపోయేడు, రా," అన్నాడు వీర్రాజు. "ఇంకా ఎన్నాళ్లు అబద్ధాలాడిస్తావు నాచేత? పాపం లంకనించి ఎండలో తొక్కుకొస్తన్నాడా మనిషి. ఏదో ఒక మాట చెప్పి పంపించెయ్యొచ్చు కదా?"

"ఏమడుగుతాడో నాకు తెలుసండీ."

"ఏమడుగుతాడు?"

సాలమోను ఇవతలికి వచ్చి హోసు చుట్టడం మొదలుపెట్టాడు. సగం చుట్టి, విప్పేసి, మళ్లీ మొదటినుంచి చుట్టాడు.

సాలమోనుకి నలభై దాటాయి. కొత్తపేటలో లీడింగ్ ఫైర్‌మ్యాన్. గోదావరిలో మునిగినవాళ్లని తీశాడు, కాలవలోకి పల్టీకొట్టిన కార్లనుంచి మనుషుల్ని లాగాడు, తాటాకిళ్లు వరసగా అంటుకుంటే మధ్యలో నిలబడి ఆర్పాడు. చావుని చూడటం అతనికి కొత్త కాదు. డ్యూటీ దిగి, స్నానం చేసి, భోంచేసి నిద్రపోయేవాడు. మార్చి నెలాఖరుదాకా అంతే.

ఆ రోజు గోదావరి మధ్య లంక ఊరొకదాన్నుంచి ఫోనొచ్చింది. రైతుల ఇంట్లో ఓణీల ఫంక్షను. ఇంటి వెనక రేకుల పాకలో గ్యాసు పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. ఒక సిలిండరు పైపు దగ్గర లీకై మంట లేచింది. వీర్రాజు బండిని నదిపాయ మీద కట్టిన కాజ్‌వేని దాటించి, కొబ్బరితోటల మధ్య దారిలో రెండు పక్కలా అరిటాకులు రాసుకుంటుండగా తీసుకెళ్లేసరికి పాక మొత్తం అంటుకుని ఉంది. వంటవాళ్లు బయటే ఉన్నారు.

"సూర్యావతి లోపలుండిపోయిందండీ!" అని ఒకావిడ గుండెలు బాదుకుంటోంది. "మాతోపాటే బైటికొచ్చింది. మళ్లీ లోపలికెళ్లిపోయిందండీ!"

సాలమోను మాస్కు తగిలించుకుని లోపలికి వెళ్లాడు. వెనకనుంచి ఇద్దరు నీళ్లు కొడుతున్నారు. చివరి పొయ్యి దగ్గర, కూరగాయల గోతాల పక్కన, ఆవిడ కనిపించింది. ఎత్తుకుని బయటికి తెచ్చి కొబ్బరిచెట్ల నీడలో తడిదుప్పటి మీద పడుకోబెట్టాడు. దించుతున్నప్పుడు ఆవిడ చేతి చర్మం అతని గ్లవుకి అంటుకుని వచ్చేసింది.

ఆవిడ ఏడవలేదు. అరవలేదు. అతనికి అదే చూసి భయమేసింది. ఒళ్లు పైపైన కాలితే మనిషి కేకలు పెడతాడు. లోపలిదాకా కాలితే నొప్పే తెలియదు. ట్రైనింగులో చెప్పిన మాట అది.

"పులుసు అడుగంటిపోద్దని ఎల్లేను బాబూ," అంది సూర్యావతి, ఇరుగుపొరుగుతో మాట్లాడినట్టు. "గుమ్మడికాయ పులుసు. ఒక్కసారి కలిపి దింపేసి వచ్చేద్దామనుకున్నాను. పొయ్యి కట్టేసేరా?"

"కట్టేసేరమ్మా."

"చుట్టాలు భోజనాలు చేసేరా? వాళ్లని ఆకలితో పంపించెయ్యరు కదా?"

"చేస్తారమ్మా. మీరు మాట్లాడకండి."

ఆవిడ తన చేతిని పైకెత్తి చూసుకోబోయింది. సాలమోను తడిబట్ట కప్పేశాడు.

"నాకేం అవదు కదా బాబూ?"

"ఏం కాదమ్మా," అన్నాడు సాలమోను. "చిన్న దెబ్బే. రెండ్రోజుల్లో లేచి తిరుగుతారు."

"హమ్మయ్య," అంది ఆవిడ. నిజంగా నమ్మింది. అంబులెన్సు వచ్చేదాకా అతని మొహంలోకే చూస్తూ ఉంది. తలుపు వేస్తున్నప్పుడు కొంచెం నవ్వింది కూడా.

ఆ వారంలోనే కాకినాడ ఆస్పత్రిలో పోయిందని టీ తాగుతుంటే వీర్రాజు చెప్పాడు. సాలమోను "అలాగా అండీ" అని గ్లాసు పూర్తిగా తాగాడు. తరవాత వెళ్లి ఆ గ్లవులు కాలవలో పారేశాడు.

ఆ తరవాతే మొదలైంది. ఒకచోట కూర్చోలేకపోయేవాడు. అన్నం ముందు కూర్చుంటే మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసి వచ్చేవాడు. మళ్లీ కూర్చుని, మళ్లీ లేచేవాడు. ఆదివారం చర్చిలో పాటలు పాడినంతసేపు ఫర్వాలేదు. పాస్టరుగారి వాక్యం మొదలవగానే కాళ్లు ఆగేవి కావు. గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నిలబడేవాడు. మధ్యాహ్నాలు ఇంట్లో పడుకోమంటే కాలవగట్టు వెంబడి నడుచుకుంటూ పోయేవాడు. ఎక్కడికి వెళ్లాడో అడిగితే చెప్పలేకపోయేవాడు. బెల్టు రంధ్రాలు చాలక కొత్తవి వేయించుకున్నాడు. దగ్గు పట్టుకుని వదల్లేదు. ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు.

భార్య ప్రసన్నకుమారి మండల పరిషత్ స్కూల్లో టీచరు. వేపుడు వాసన వస్తే భర్త ఇంట్లో ఉండలేకపోతున్నాడని గమనించి, అతను లేనప్పుడే వంట ముగించడం అలవాటు చేసుకుంది. కూతురు జెస్సీ తొమ్మిదో క్లాసు. ఒకరోజు ఆ పిల్లకి జ్వరమొచ్చి, "నాన్నా, ఏమైనా అవుద్దా నాకు?" అని గారంగా అడిగింది. సాలమోను నోరు తెరిచాడు. మాట రాలేదు. పిల్ల నుదుటిమీద చెయ్యి తీసేసి బయటికి వెళ్లిపోయాడు. జెస్సీకి అది కోపంగా కనిపించింది. తనేం తప్పు చేసిందో తెలియక తల్లి దగ్గర ఏడ్చింది.

ప్రసన్నకుమారి తమ్ముడు జయప్రకాష్ రాజోలులో ఇల్లు కట్టుకున్నాడు. మే నెలలో గృహప్రవేశ ప్రార్థనకి అందరూ వెళ్లారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా సాలమోను పెరట్లోకి వెళ్లాడు. అక్కడ టెంటు కింద పెద్ద పొయ్యిలమీద వంటలవుతున్నాయి. ఒకావిడ గరిటెతో అడుగునుంచి కలుపుతోంది.

తరవాత జరిగింది అతనికి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఒక్కో పొయ్యీ ఆర్పేశాడు. సిలిండర్ల రెగ్యులేటర్లు పీకేశాడు. సిలిండర్లని ఒకటొకటిగా దొర్లించుకుంటూ రోడ్డుమీదికి తీసుకెళ్తుంటే వంటమేస్త్రీ అడ్డం వచ్చాడు.

"ఏవండీ, ఏం చేస్తన్నారండీ? ఇంకో అరగంటలో వడ్డన ఉంది!"

"తప్పుకో. అందర్నీ బైటికి పంపు. ఆవిణ్ణి ముందు పంపు!"

"ఏం లీకవలేదండీ. చూడండి, వాసన కూడా లేదు."

సాలమోను అతన్ని తోసేశాడు. మేస్త్రీ వెనక్కి తూలి కూర గిన్నెకి తగిలాడు. గిన్నె ఒరిగి కూరంతా నేలపాలైంది. ఎవరికీ కాలలేదు. ప్రార్థన ఆగిపోయింది. జనమంతా పెరట్లోకి వచ్చేసరికి సాలమోను గరిటె పట్టుకున్న ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని గేటువైపు నెట్టుకుపోతున్నాడు. ఆవిడ భయపడి ఏడుస్తోంది.

"బావగారూ! బావగారూ, ఏమైందండీ మీకు?" అని జయప్రకాష్ వెనకనుంచి పట్టుకున్నాడు. పట్టుకున్నాక తెలిసింది, బావగారి ఒళ్లంతా వణికిపోతోందని.

తిరుగు బస్సులో జెస్సీ వేరే సీట్లో కూర్చుంది. ప్రసన్నకుమారి దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ ఉంది. ఇంటికొచ్చాక చీర కూడా మార్చుకోకుండా భర్త ఎదురుగా కూర్చుంది.

"నేనేమీ అననండి. మా తమ్ముడు కూడా ఏమీ అనుకోలేదు. ఒక్క సంగతి చెప్పండి. ఆవిణ్ణి ఎవరనుకున్నారు?"

సాలమోను లేచి చెప్పులేసుకున్నాడు. "కొంచెం అలా వెళ్లొస్తాను ప్రసన్నా."

అంతకన్నా పెద్దది జూన్ మధ్యలో జరిగింది. ఓ రైతు గడ్డిమేటు అంటుకుంది. మనుషులెవరూ చిక్కుకోలేదు. చిన్న పని. సాలమోను పైపు పట్టుకుని నీళ్లు కొడుతుంటే ఆ ఇంటి ముసలావిడ వెనకనుంచి "బాబూ, మా పశువులకేం అవదు కదా బాబూ?" అంది.

అంతే, ఊపిరి ఆగిపోయింది. ఎడమ చెయ్యి మొద్దుబారింది. గుండెమీద బరువైనదేదో పెట్టినట్టయి, మోకాళ్ల మీద కూలిపోయాడు. చేతిలోంచి జారిన పైపు నీళ్ల ఒత్తిడికి నేలమీద ఎగిరెగిరి కొట్టుకుంది. పక్కనున్న ఫైర్‌మ్యాన్ ఒక్క గెంతులో తప్పుకోబట్టి సరిపోయింది గానీ, ఆ ఇత్తడి మూతి తగిలితే కాలు విరిగేది. వీర్రాజు పరుగున వెళ్లి పంపు ఆపాడు.

గుండెపోటనుకుని అమలాపురం తీసుకెళ్లారు. ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు. సాయంత్రానికి డ్యూటీ డాక్టరు వచ్చి గుండె బాగానే ఉందని, మానసిక వైద్యుల్ని కలవమని చెప్పి వెళ్లాడు.

సాలమోను మంచంమీద లేచి కూర్చున్నాడు. "నాకు పిచ్చా? పాతికేళ్లకి ఉద్యోగంలో చేరి ఇన్నేళ్లు మంటల్లో పనిచేసినవాణ్ణి, నాకు పిచ్చంటాడా?"

స్టేషన్ ఆఫీసరు రాజేంద్రప్రసాద్ చూడటానికొచ్చాడు. మంచి మనిషి. "రెస్ట్ తీసుకోండి సాలమోను గారూ. లీవు సంగతి నేను చూసుకుంటాను. ఈ డాక్టరు సంగతి మాత్రం బైట ఎక్కడా అనకండి. జనం రకరకాలుగా చెప్పుకుంటారు," అని అతని భుజం తట్టి వెళ్లాడు.

ప్రసన్నకుమారి మాత్రం గురువారం స్కూలుకి సెలవు పెట్టి భర్తని అమలాపురం బస్సెక్కించింది. డాక్టరు గది బయట బెంచీల నిండా జనం. సాలమోను కూర్చోవడం, లేవడం, వరండా చివరిదాకా వెళ్లి రావడం. ఒకసారి అలా తిరిగొస్తూ, ఎవరో తెలిసినావిడ మెట్లెక్కడం చూసి స్తంభం చాటుకి పోయాడు. ఆవిడ ప్రసన్నకుమారి క్లాసులోని ఒక పిల్లాడి తల్లి.

"టీచరుగారూ, మీరేంటండీ ఇక్కడ?"

"మా ఆయన్ని చూపించడానికొచ్చేనండీ," అంది ప్రసన్నకుమారి మామూలుగా. "నిద్ర పట్టట్లేదండీ ఆయనకి. మీరు?"

"మా అత్తగారికండీ. అదే బాధ."

స్తంభం వెనక సాలమోను ఇదంతా విన్నాడు. తరవాత వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

డాక్టరు పేరు భవానీదేవి. యాభై ఏళ్లావిడ. అతను గదిలోకి రాగానే తలుపువైపు చూడటం గమనించి, "తలుపు తెరిచే ఉంచుదాం. కుర్చీ అటు వేసుకోండి," అంది. నిద్ర గురించి, తిండి గురించి, దగ్గు గురించి అడిగింది. లంకలో పాక తగలబడిన సంగతి, రాజోలు సంగతి ప్రసన్నకుమారి చెప్పింది.

"నాకు పిచ్చా డాక్టరుగారూ?" అని సాలమోను సూటిగా అడిగాడు.

"కాదండీ. చాలా చూసేరు మీరు. ఆ పాక ఎప్పుడో ఆరిపోయింది. మీ ఒంటికి ఇంకా ఆ సంగతి తెలీలేదు. ఇప్పటికీ అక్కడే ఉన్నాననుకుంటోంది. అందుకే గుండె అలా కొట్టుకోవడం, చేతులు తిమ్మిరెక్కడం. మీరు కావాలని చేస్తున్నది కాదిది. తగ్గుద్ది. కానీ టైము పడుద్ది."

మాత్రలు రాసింది. వారం వారం రమ్మంది. సాలమోను వెళ్లాడు. ఆవిడ అడిగితే గోదావరిలో తీసిన శవాల గురించి చెప్పాడు, బస్సు ప్రమాదాల గురించి చెప్పాడు, చిన్నప్పుడు వాళ్ల పేటలో పాకలు తగలబడిన సంగతి చెప్పాడు. సూర్యావతి గురించి మాత్రం పెదవి విప్పలేదు. మాత్రలతో కొంచెం నిద్ర పట్టేది. మెలకువగా ఉన్నంతసేపూ కాళ్లు మాత్రం ఆగేవి కావు.

ఈలోగా అబ్బులు ఇంకా స్టేషన్‌కి వస్తూనే ఉన్నాడని వీర్రాజు చెప్పేవాడు.

జులై చివర్లో ఒక గురువారం వాన వల్ల జనం తక్కువగా ఉన్నారు. డాక్టరుకి తొందర లేదు. మాటల మధ్యలో సాలమోను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, కిందికి చూస్తూ, మొత్తం చెప్పేశాడు. గ్లవు సంగతి. పులుసు సంగతి. ఏం కాదమ్మా అన్న మాట.

"బతకదని నాకు తెలుసండీ. తెలిసే చెప్పేను. ఆవిడ నమ్మింది. నవ్వింది కూడానండీ. ఆ నవ్వు... అబద్ధం చెప్పి నవ్వించేనండీ నేను."

"ఇంకేం చెప్పుంటే బాగుండేదనుకుంటున్నారు?"

సాలమోను తెరిచి ఉన్న తలుపువైపు చూశాడు.

"ఆవిడ భర్త వస్తున్నాడండీ నాకోసం. ఏం కాదని చెప్పేవంట, మరి ఎలా పోయిందీ అని అడుగుతాడు. ఏం చెప్పనండీ?"

"అలా అడుగుతానని ఆయన ఎవరితోనైనా అన్నాడా?"

"లేదండీ."

"మరి ఆయన ఏమడుగుతాడో ఆయనకన్నా ముందే మీకెలా తెలుసండీ?" అంది భవానీదేవి. "వెళ్లమని నేను చెప్పను. మీకు ఓపికుందనిపించినప్పుడు చూడండి."

ఆగస్టులో గోదావరికి వరద ఎర్రనీరొచ్చింది. ఇంకో రెండు రోజుల్లో లంకలకి దారి మూసుకుపోతుందని అందరూ అనుకుంటున్నారు. ఒక ఉదయం సాలమోను బస్సెక్కాడు. దిగాల్సిన చోటుకన్నా ముందే దిగిపోయాడు. గట్టుమీద కొంతదూరం నడిచి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకి నడిచాడు. కాజ్‌వే అంచుల్ని నీళ్లు తడుపుతున్నాయి. ఎదురొచ్చిన పాల మనిషి, "తొందరగా ఎల్లి రండి బాబూ, మజ్జానానికి మునిగిపోద్దేమో," అన్నాడు. తిరిగి వెళ్లిపోవడానికి మంచి సాకే దొరికింది. కాసేపు ఆ నీళ్లవైపే చూసి, దాటేశాడు.

అబ్బులు ఓ తోటలో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. నేలలో పాతిన ఇనప మొనమీద కాయని గుచ్చి, మెలితిప్పి, పీచు విడదీస్తున్నాడు. మనిషిని చూసి ఆగాడు. పాక తగలబడ్డ రోజున అబ్బులు గోదావరి అవతల పనిలో ఉన్నాడు, సరాసరి ఆస్పత్రికే వెళ్లాడు. అందుకని సాలమోను మొహం ఎరగడు.

"ఎవరండి?"

"నేనేనండీ. సాలమోనుని. ఫైర్ స్టేషన్."

అబ్బులు చేతిలోని కాయ కింద పెట్టాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఇన్నాళ్లుగా అడగాలనుకున్నదే అయినా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు.

"ఆవేళ పొద్దున్న మాకు మాటా మాటా వచ్చిందండి," అన్నాడు చివరికి. "ఏదో చిన్నదానికేనండి. నీ చేతికూడు ఇంక తిననే అనేసి పనికెళ్లిపోయేను. అదీ వంటకెళ్లిపోయింది. అందరూ బైటికొచ్చేక అదొక్కత్తే లోపలికెందుకెళ్లిందండి? కావాలనే ఎళ్లిందంటన్నారండి ఊళ్లో. మొగుడితో గొడవపడి ఎళ్లిందంటన్నారు. మా బేబి, మా అమ్మాయండి, అది నాతో మాటాడటం మానేసింది. ఆస్పత్రిలో గొంతులో గొట్టం ఏసేసేరండి, నాతో మాటే లేదు. దాంతో ఆఖర్న మాటాడింది తమరే. అందుకనండి... ఏమన్నా చెప్పిందాండి?"

సాలమోనుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఈ మనిషి అడుగుతున్నది అతను అనుకున్నది కాదు. అసలు ఆ దగ్గర్లోదే కాదు.

"పులుసు అడుగంటిపోద్దని వెళ్లేనన్నారండీ," అన్నాడు. "గుమ్మడికాయ పులుసు. ఒక్కసారి కలిపి దింపేసి వచ్చేద్దామనుకున్నారంట. పొయ్యి కట్టేసేరా అని అడిగేరు. చుట్టాలు భోజనాలు చేసేరా, ఆకలితో పంపించెయ్యరు కదా అన్నారండీ."

అబ్బులు ఒక అడుగు దగ్గరికొచ్చాడు. "మళ్లీ చెప్పండి."

సాలమోను మళ్లీ చెప్పాడు.

"నా మాట ఏమన్నా ఎత్తిందాండి?"

అబద్ధం చెప్పడం తేలికే. ఎత్తిందని చెప్తే ఆ మనిషి ఎంత సంతోషపడతాడో కనిపిస్తూనే ఉంది. "లేదండీ," అన్నాడు సాలమోను. "వంట గురించే మాట్లాడేరు."

అబ్బులు తల ఊపాడు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. "పులుసు. పులుసు కోసం ఎళ్లిందండి. ఇంట్లో కూడా అంతేనండి. పెళ్లప్పణ్ణించీ అంతే, కూర అడుగంటితే ఆ పూట తను తినేది కాదు." అంతలో గొంతు మారిపోయింది. "మరి ఇన్నాళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదండి? ఎన్నిసార్లొచ్చేనండి నేను! ఎండల్లో, వానల్లో, సైకిలు మీద! లీవంటారు, లేరంటారు. ఒక్క మాట కదండి!"

"భయమేసిందండీ."

"నాకా? నేనేం చేస్తానండి తమర్ని?"

"ఏం కాదమ్మా, లేచి తిరుగుతారని చెప్పేనండీ ఆవిడతో. బతకదని తెలిసే చెప్పేను. మీరు అదే అడుగుతారనుకున్నాను."

అబ్బులు అతని మొహంలోకి చూశాడు. ఆ మాట పట్టించుకున్నట్టే లేదు. సైకిలు తీసి, "రండి," అన్నాడు.

ఇంటి దగ్గర బేబి బట్టలుతుకుతోంది. తండ్రిని చూసి మొహం తిప్పుకుంది. "ఈ బాబు చెప్పేది ఇను," అన్నాడు అబ్బులు. సాలమోను చెప్పాడు. బేబి సబ్బు చేతులతోనే అరుగుమీద కూలబడింది. "అమ్మా, పులుసేంటే అమ్మా," అంటూ తలకొట్టుకుని ఏడ్చింది. అబ్బులు కూతురి పక్కన కూర్చోలేదు. కాసేపు నిలబడి, మళ్లీ "రండి" అన్నాడు.

టీ బడ్డీ దగ్గర నలుగురైదుగురున్నారు. "చెప్పండి బాబూ," అన్నాడు అబ్బులు. సాలమోను చెప్పాడు. రేషను డిపో అరుగుమీద ఆడవాళ్లున్నారు. అక్కడా చెప్పాడు. ఆఖరికి ఓణీల ఫంక్షను జరిగిన ఇంటికి తీసుకెళ్లాడు. ఇంటి పెద్దావిడ వెంకటరమణమ్మ గుమ్మంలోకి వచ్చి స్తంభం పట్టుకుని వింది. పెరట్లో పాక ఉన్న చోటు ఖాళీగా ఉంది, కంద మొక్కలు పాతారు. సాలమోను కాళ్లు గేటువైపే లాగాయి. అయినా మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ప్రతిచోటా ‘ఏం కాదమ్మా’ అన్న మాట కూడా దాచకుండా చెప్పాడు. నెలల తరబడి తనని నిలవనీయని ఆ మాట దగ్గర ఎవరో ఒకరు ఆపుతారనీ, తిడతారనీ చూశాడు. ఎవరూ ఆపలేదు. ఎవరికీ అది పెద్ద సంగతిగా కనిపించలేదు. అందరూ పులుసు గురించే మాట్లాడారు.

"చుట్టాలు తిన్నారా అందా?" అని వెంకటరమణమ్మ రెండుసార్లు అడిగింది. "ఎవరూ ముద్ద ముట్టలేదు బాబూ ఆవేళ. ఎలా ముడతారు?"

కాజ్‌వేదాకా అబ్బులు కూడా వచ్చాడు. నీళ్లు అప్పటికే పాదాలు మునిగేంత వచ్చాయి. థాంక్సని చెప్పలేదు. కోపం పూర్తిగా పోలేదు. "చూసుకుని దాటండి, మధ్యలో గొయ్యుంది," అన్నాడు. అవతలి ఒడ్డెక్కి సాలమోను తిరిగి చూస్తే, అబ్బులు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

బస్సులో సాలమోను కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. కొత్తపేట దాటి రావులపాలెందాకా వెళ్లిపోయాక కండక్టరు లేపాడు.

ఆ రోజుతో జబ్బు నయమైపోయిందనుకుంటే పొరపాటు. సెప్టెంబరులో మళ్లీ రెండుసార్లు ఊపిరాడక కూలబడ్డాడు. వంటింట్లోకి వెళ్లి గ్యాసు చూడటం తగ్గింది గానీ పోలేదు. ఫంక్షన్లకి ఇప్పటికీ వెళ్లడు. అయితే జెస్సీని కూర్చోబెట్టుకుని, ఆ జ్వరం రోజున తనకి మాటెందుకు రాలేదో చెప్పాడు. ఆ పిల్ల అంతా విని, "అయితే నామీద కోపం కాదా?" అంది. "కాదమ్మా," అన్నాడు.

దసరా తరవాత డ్యూటీలో చేరాడు. మొదట్లో వాచ్ రూములో ఫోను దగ్గర, తరవాత బండిమీద, పంపు దగ్గర. ఒక మధ్యాహ్నం పీచు మిల్లులో కొబ్బరిపీచు గుట్ట అంటుకుందని ఫోనొస్తే వెళ్లారు. నీళ్లు కొట్టడం మొదలైన కాసేపటికి సాలమోనుకి చేతులు తిమ్మిరెక్కడం తెలిసింది. ఇదివరకైతే పళ్లు బిగపట్టేవాడు.

"వీర్రాజు గారూ, నాకు ఊపిరాడట్లేదండీ. పంపు మీరు చూడండి," అని గట్టిగా చెప్పి, వెనక్కి వెళ్లి బండి నీడలో కూర్చున్నాడు. నవ్వుతారేమోననుకున్నాడు. ఎవరికీ అతనివైపు చూసే తీరిక లేదు. పావుగంటలో తగ్గింది. లేచి వచ్చి పంపు అందుకున్నాడు.

స్టేషన్‌కి తిరిగొచ్చాక, హోసులు కడుగుతున్నప్పుడు, వీర్రాజు పక్కకి వచ్చి నిలబడ్డాడు. పైపు కొస అందుకున్నాడు.

"ఆ డాక్టరమ్మ ఏ వారం కూర్చుంటారు?"

"గురువారమండీ. ఎవరికి?"

"మా బావమరిదికి. ఇరుకు దార్లో బండి నడుపుతుంటే చేతులు బిగుసుకుపోతన్నాయంట. స్టీరింగు వదలట్లేదంట. బండి ఆపేసేక కూడా."

వీర్రాజు బావమరిది మండపేటలో బట్టల కొట్టు నడుపుతాడు. అతనికి సైకిలు తప్ప ఏదీ నడపడం రాదని సాలమోనుకి తెలుసు.

"పొద్దున్న బస్సుకి వెళ్తానండీ నేను," అన్నాడు. "మీ బావమరిదిని రమ్మనండి. ఇద్దరం వెళ్తాం."

గురువారం సాలమోను బస్టాండుకి వెళ్లేసరికి వీర్రాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఒక్కడే నిలబడి ఉన్నాడు. బావమరిది సంగతి ఇద్దరూ ఎత్తలేదు. అమలాపురం బస్సొచ్చింది. సాలమోను ముందెక్కి, తలుపు పక్క సీట్లో అతనికి చోటు పట్టాడు.